వడపోతకు ఒకటి, ఇంటర్వ్యూకు ఒకటి: కాంట్రాక్టు కోసం నేను రాసిన పరీక్షలు

2025 జనవరి చివరి వారంలో నన్ను క్లయింట్ పనికి పంపే మా వెండర్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. క్లయింట్ దగ్గర నా కాంట్రాక్టు ఫిబ్రవరి 28తో ముగుస్తుంది, పొడిగింపు లేదు, ల్యాప్‌టాప్‌ను ఫలానా చిరునామాకు కొరియర్ చేయాలి, ఛార్జర్ మరవొద్దు. తొమ్మిదేళ్ల అనుభవానికి పలికిన వీడ్కోలులో సగం ఛార్జర్ గురించే.

నాది లినక్స్ సర్వర్ల నిర్వహణ. చివరి నాలుగేళ్లూ అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ క్లౌడ్, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే సర్వర్ల మీదే పనిచేశాను. 2020లో హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి విజయనగరం వచ్చాక మళ్లీ వెళ్లలేదు. మా ఆయన ఉద్యోగం ఇక్కడే, పాప బడి ఇక్కడే, అత్తయ్యా మావయ్యా ఇక్కడే. కాబట్టి నేను వెతకాల్సింది ఇంటి నుంచి చేసే కాంట్రాక్టు. అలాంటివి 2021లో అడగకుండానే వచ్చేవి. ఇప్పుడు రిక్రూటర్ నోట మొదట వచ్చే మాటే ‘వారానికి మూడు రోజులు ఆఫీసు’.

మావయ్య జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. మెయిల్ సంగతి చెప్పగానే, “నిన్నొక్కదాన్నే తీశారా, అందరినీనా?” అని అడిగారు. మా బృందంలో కాంట్రాక్టు వాళ్లందరినీ అన్నాను. “అయితే నీ పనితనం మీద మాట కాదు లేమ్మా” అని పేపరు తీసుకున్నారు. ఆ నెలలో నాకు దొరికిన ఓదార్పు అదొక్కటే. అత్తయ్య మాత్రం ఉద్యోగం పోయిందన్న మాట ఇరుగుపొరుగుకు తెలియకూడదని, ఎవరైనా అడిగితే సెలవులో ఉందని చెప్పేవారు. ఎంత పొడుగు సెలవో అని వాళ్లూ నవ్వుకునే ఉంటారు.

మార్చి మొదట్లో ఫోను మోగుతూనే ఉంది. రిక్రూటర్లు చాలామంది బెంగళూరు, నోయిడా, హైదరాబాద్ నుంచి. అడిగే వరుస ఒకటే: మొత్తం అనుభవం ఎంత, అందులో క్లౌడ్ ఎంత, ఎంత ఆశిస్తున్నారు, ఎప్పుడు చేరతారు, సర్టిఫికేషన్ ఉందా. చివరిదానికి లేదన్నాక గొంతులో వేగం తగ్గేది. “ప్రొఫైల్ పంపించి చూస్తాం మేడమ్” అనేవారు. పంపినట్టు గానీ, వాళ్లు చూసినట్టు గానీ కబురు ఉండేది కాదు. నెల తిరిగేసరికి ఫోనులే తగ్గాయి.

అప్పుడు పాప పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని, నాకు వచ్చిన, నౌకరీలోనూ లింక్డిన్‌లోనూ కనిపించిన ప్రతి కాంట్రాక్టు ప్రకటననూ రాయడం మొదలుపెట్టాను. ఏ సర్టిఫికెట్ అడిగారన్నది ఒక గడి. తప్పనిసరి అన్నారా, ఉంటే మంచిదన్నారా అన్నది ఇంకో గడి. ఇంటి నుంచా కాదా అన్నది మరో గడి. మీరు ఏ పరీక్షకైనా డబ్బు కట్టే ముందు కనీసం ఒక నెల ఈ పని చేయండి. ‘ఈ ఏడాది తప్పక చేయాల్సిన పది సర్టిఫికేషన్లు’ అని యూట్యూబ్‌లో చెప్పేవారికి, మన ఫోనుకు వచ్చే ప్రకటనలకు పొంతన లేదు. నా పుస్తకంలో తేలింది ఇది: ఏడబ్ల్యూఎస్ అసోసియేట్ స్థాయి పేరు తరచూ కనిపించింది, తర్వాత మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ అజూర్. చాలా సర్వర్ల మీద ప్రోగ్రాములను కలిపి నడిపే కుబర్నెటీస్ పని వచ్చి ఉండాలని దాదాపు అందరూ రాశారు గానీ, దాని సర్టిఫికెట్‌ను మాత్రం ‘ఉంటే మంచిది’ గడిలోనే పెట్టారు. కోడ్ రాసి క్లౌడ్ సర్వర్లను ఏర్పాటు చేసే టెర్రాఫామ్ కూడా అంతే. ఐటిల్ (ఐటీ సేవల నిర్వహణ), పీఎంపీ (ప్రాజెక్టు నిర్వహణ) మేనేజర్ల ప్రకటనల్లో తప్ప ఎక్కడా లేవు.

ఈ లెక్కతో మొదట నాకు అనిపించింది, ఏడబ్ల్యూఎస్ ఒక్కటి రాస్తే చాలని. అయితే ఒకప్పుడు మా బృందానికి లీడ్‌గా ఉండి, ఇప్పుడు ఒక బ్యాంకు ప్రాజెక్టుకు కాంట్రాక్టు వాళ్లను తీసుకునే పనిలో ఉన్న ఒకావిడకు ఫోను చేశాను. ఆవిడ చెప్పిన మాట నా ఏడాదిని మార్చింది. “ఇంటర్వ్యూలో నేను సర్టిఫికెట్ల వరుస అసలు చదవను. కానీ నా బల్ల మీదికి వచ్చే రెజ్యూమేలన్నిటిలోనూ అవి ఉంటాయి. లేనివి మధ్యలోనే ఆగిపోతున్నాయి, అంతే” అన్నారు.

కాంట్రాక్టు పనిలో మధ్యలో ఉండేవాళ్లు ఒకరు కాదు. క్లయింట్ ఒక పెద్ద వెండర్‌కు చెబుతాడు, ఆ వెండర్ చిన్న వెండర్లకు చెబుతాడు, చిన్న వెండర్ దగ్గర ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాని అమ్మాయో అబ్బాయో మనకు ఫోను చేస్తారు. వాళ్లకు లినక్స్ గుండె లాంటి కెర్నల్ అంటే తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వాళ్ల ముందున్న పట్టికలో టిక్కు పెట్టడానికి ఒక పేరు కావాలి. సర్టిఫికెట్ చదివేది వాళ్లు. మనల్ని తీసుకునేది వేరే మనిషి, అతనికి పేరుతో పనిలేదు, రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఏం చేస్తావన్నదే కావాలి. ఒకే కాగితం ఇద్దరికీ సరిపోదు. అందుకే టిక్కు కోసం ఒకటి, చేయి తిరగడం కోసం ఒకటి రాయాలనుకున్నాను. మొదటిది ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్. రెండోది సీకేఏ, అంటే కుబర్నెటీస్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష. అందులో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడాలు ఉండవు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ ముందు కూర్చోబెట్టి, చెడిపోయినదాన్ని బాగుచేయమంటారు. సర్టిఫికెట్ చూడని మనిషి ముందు కూడా ఆ సాధన పనికొస్తుంది.

వద్దనుకున్నవాటికీ కారణాలున్నాయి. ఏడబ్ల్యూఎస్‌లో అన్నిటికంటే కింద ఉండే క్లౌడ్ ప్రాక్టీషనర్ రాస్తే తర్వాతి పరీక్షకు సగం ధర కూపన్ వస్తుంది కదా అని ఒక స్నేహితురాలు చెప్పింది. దాని ఫీజు 100 డాలర్లు, అసోసియేట్‌ది 150. సగం తగ్గి 75 అయినా మొత్తం 175 అవుతుంది. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న మనిషి రెజ్యూమేలో ఆ పేరుకు విలువ కూడా లేదు. అజూర్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష ఏజెడ్-104 మీద మనసు కాస్త పోయింది, ఎందుకంటే దాన్ని ఏడాదికోసారి ఇంటర్నెట్‌లోనే, పైసా ఖర్చు లేకుండా పొడిగించుకోవచ్చు. కానీ అజూర్ మీద నేను పని చేసింది లేదు. వెనక పని లేని సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో మొదటి ఐదు నిమిషాలకే బయటపడుతుంది. పీఎంపీకి ప్రాజెక్టులు నడిపిన అనుభవం మూడేళ్లు చూపించాలి. నేను సర్వర్లను నడిపానే గానీ మనుషులను కాదు. టెర్రాఫామ్ 70 డాలర్ల 50 సెంట్లే, గంట పరీక్ష. దాన్ని అప్పటికి పక్కన పెట్టాను.

ఇంత అనుకున్నాక కూడా, సొంతంగా చదవగలనా అన్న భయంతో ఏప్రిల్‌లో విశాఖపట్నంలో ఒక శిక్షణ సంస్థకు వెళ్లాను. మూడు సర్టిఫికెట్ల ప్యాకేజీ 65 వేలు, ఆ రోజే కడితే 52 వేలు. కరపత్రం మీద ఎర్రటి అక్షరాలతో ‘పాస్ గ్యారంటీ’. పరీక్ష పెట్టేది వేరేవాళ్లు కదా, గ్యారంటీ మీరెలా ఇస్తారని అడిగాను. డంప్స్ ఇస్తామన్నాడు ఆ కుర్రాడు, అంటే బయటికి పొక్కిన ప్రశ్నల కట్ట. నేను మాట్లాడకపోయేసరికి భయపడుతున్నాననుకున్నాడేమో, గొంతు తగ్గించి, “మీరు కెమెరా ముందు కూర్చుంటే చాలు మేడమ్, వెనక మా వాళ్లు రాసేస్తారు” అన్నాడు. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్లీ రాయనివ్వరు. ఆ సంగతి అతను చెప్పలేదు. పట్టుబడకపోయినా, రేపు క్లయింట్ దగ్గర ఆ పని చేయాల్సింది ఆ వెనక కూర్చున్నవాడు కాదు, నేను. తిరుగు ప్యాసింజర్‌లో కొత్తవలస దాటేదాకా కోపం తగ్గలేదు. ఇలా వచ్చిన కాగితాల వల్లే కదా, నిజంగా చదివి రాసినవాళ్లను కూడా ఇంటర్వ్యూలో అనుమానంగా చూస్తున్నది!

ఇక డబ్బు కట్టడం దగ్గర ఒక చిక్కు. మన డెబిట్ కార్డుల్లో విదేశీ చెల్లింపులు మామూలుగా ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి, పరిమితి పెట్టాలి. ఈ సంగతి తెలియక పరీక్ష తేదీ ఎంచుకుని, చివరి మెట్టులో చెల్లింపు తిరస్కరించబడి, ఈలోగా ఆ తేదీ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. నేను క్రెడిట్ కార్డుతో కట్టాను. 150 డాలర్ల మీద 18 శాతం జీఎస్టీ కలిపి 177 డాలర్లు. డాలరు 86 రూపాయల దగ్గర ఉంది, బ్యాంకు తన రుసుము తాను కలుపుకుంది. మొత్తం పదిహేను వేలు దాటింది. రాబడి ఆగిపోయిన ఇంట్లో పదిహేను వేలు అంటే పాప బడి ఫీజులో ఒక విడత. మా ఆయన ఏమీ అనలేదు. ఆ అనకపోవడం కూడా బరువుగానే ఉండింది.

అంతకంటే పెద్ద చిక్కు పేరు. పరీక్ష ఖాతాలో ఉన్న పేరు, చూపించే గుర్తింపు కార్డు మీద పేరు ఒకటే కావాలి, లేకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన డబ్బు కూడా రాదు. మన పేర్ల సంగతి తెలిసిందే. పదో తరగతి సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరం, చుక్క. పాస్‌పోర్ట్ మీద పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర. ఆధార్ మీద పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు, అదీ ముందు. పాన్ మీద మరోలా. నాలుగు కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే నలుగురు ఆడవాళ్లున్నట్టు ఉంది. గడువు తీరని పాస్‌పోర్ట్ ఉంది కాబట్టి దాన్నే ప్రమాణం చేసుకున్నాను. కానీ ఏడబ్ల్యూఎస్ ఖాతా ఏళ్ల కిందట వేరే పేరుతో తెరిచింది. దాన్ని సరిదిద్దమని రాసి, జవాబు కోసం కొన్ని రోజులు ఎదురుచూశాను. పరీక్ష తేదీ తీసుకోవడానికి ముందే ఈ పని పూర్తి చేసుకోండి. ఆ మీదట సర్టిఫికెట్ మీద అచ్చయ్యేది ఆ పేరే, వెండర్ కాంట్రాక్టు పత్రంలో అడిగేదీ ఆ పేరే.

ఇంకొక ఉపకారం చాలామందికి తెలియదు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఏడబ్ల్యూఎస్ అరగంట అదనంగా ఇస్తుంది. 130 నిమిషాల పరీక్ష 160 అవుతుంది. ఉచితం, ఏ పత్రమూ అడగరు, కాకపోతే తేదీ తీసుకోకముందే ఖాతాలో అడగాలి. నా ఇంగ్లిష్ బాగానే ఉంటుందని అభిమానానికి పోయి వదులుకోవద్దు. ఒక్కో ప్రశ్న ఒక చిన్న పేరా, జవాబులు నాలుగూ దాదాపు ఒకేలా ఉంటాయి, తేడా ఒక్క మాటలో దాగి ఉంటుంది.

చదువు గురించి పెద్దగా చెప్పను, ఎవరి పద్ధతి వారిది. ఉదయం నాలుగున్నర నుంచి పాప లేచేదాకా, మళ్లీ మధ్యాహ్నం. ఆఫర్‌లో ఐదారు వందలకు కొన్న ఒక వీడియో కోర్సు, మాదిరి ప్రశ్నలు, సొంత ఖాతాలో సాధన. సాధన చేసేవాళ్లకు ఒక హెచ్చరిక: ఏడబ్ల్యూఎస్‌లో నాట్ గేట్‌వే అనే సేవ మీరు వాడినా వాడకపోయినా గంటకింత అని లెక్క కడుతుంది. రోజంతా వదిలేస్తే వంద రూపాయలు పైనే. బడ్జెట్ అలారం పెట్టుకుని, ముగించిన రోజు అన్నీ చెరిపేసి లేవండి.

జూన్ 14, శనివారం, విశాఖపట్నంలో పరీక్షా కేంద్రం. పాప బడి తెరిచిన వారం. ఇంటి నుంచి రాయవచ్చు గానీ, మొదటి పరీక్షకు వేరే చోటే నయమనుకున్నాను. రైలు ఆలస్యమైతే అన్న భయంతో ముందు రైలుకే వెళ్లి, కేంద్రం కింద టీ కొట్టు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. లోపల ఫోను, గడియారం, పర్సు లాకర్‌లో పెట్టమన్నారు. ఫోటో, సంతకం. రాసుకోవడానికి చెరిపే పలక, మార్కర్. నేను ఊహించనిది ఏసీ. జూన్ ఎండలో చెమటతో వచ్చిన మనిషిని రెండున్నర గంటలు అందులో కూర్చోబెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. పల్చటి శాలువా లాంటిది వేసుకుని వెళ్లండి, మధ్యలో బయటికి వస్తే పరీక్ష గడియారం ఆగదు.

65 ప్రశ్నల్లో 15 మార్కులు లేనివి, కానీ అవి ఏవో మనకు చెప్పరు. చివర బటన్ నొక్కాక తెర మీద ఫలితం కనిపించదు. ఐదు పనిదినాల్లోపు అంటారు. నాకు ఆ రాత్రే మెయిల్ వచ్చింది. వెయ్యికి 720 వస్తే పాస్, నాకు 782. అత్తయ్యకు చెబితే, “నూటికి డెబ్బై ఎనిమిదా? ఫస్టు క్లాసే” అని పక్కింటికి చెప్పడానికి వెళ్లారు. ఆ పొడుగు సెలవులో నేనేం చేస్తున్నానో వీధికి ఆ రోజు తెలిసింది.

తర్వాత జరిగింది విచిత్రం. ప్రొఫైల్‌లో ఆ పేరు ఎక్కించిన వారంలోపే ఫోనులు మళ్లీ మొదలయ్యాయి. వడపోత గురించి మా పాత లీడ్ చెప్పింది అక్షరాలా నిజం. కానీ రేటు పెరగలేదు. ఫిబ్రవరిలో నాకు నెలకు 85 వేలు వచ్చేది. ఇప్పుడు 70, 75 అంటున్నారు. “సర్టిఫికేషన్ ఉంది కదా?” అంటే, “అందరికీ ఉంది మేడమ్” అంటున్నారు. ఏ పేరు ఉంటేనే లోపలికి రానిస్తారో, ఆ పేరుకే ధర లేదు. ఇంటర్వ్యూదాకా వెళ్లినవి కొన్ని కుబర్నెటీస్ దగ్గర ఆగిపోయాయి. వేరేవాళ్లు కట్టిన క్లస్టర్‌లో, అంటే కలిసి ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపులో, ఆదేశాలు ఇవ్వడం వచ్చు గానీ, చెడిపోయిన క్లస్టర్‌ను మొదటి నుంచి లేపడం నాకు చేతికి రాలేదు అప్పటికి.

ఇక్కడే ఇంకో సంగతి. ఒకే క్లయింట్ ఖాళీ కోసం వేర్వేరు వెండర్లు ఫోను చేస్తారు, క్లయింట్ పేరు మాత్రం చెప్పరు. ‘మా తరఫున మీ ప్రొఫైల్ పంపడానికి ఒప్పుకుంటున్నాను’ అని మెయిల్ ఇమ్మంటారు. ఇద్దరికీ ఇస్తే క్లయింట్ దగ్గర ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుంది, గొడవెందుకని రెండూ తీసేస్తారు. అందుకే క్లయింట్ పేరు, ఊరు, పని వివరం చెప్పకుండా ఆ మెయిల్ ఇవ్వనని ఖచ్చితంగా చెప్పడం నేర్చుకున్నాను. కొందరు విసుక్కుని పెట్టేశారు. పెట్టేస్తే పెట్టేశారు.

జూలైలో సీకేఏ కొన్నాను. ధర 445 డాలర్లు. ముప్పై శాతం తగ్గింపు కూపన్ దొరికేదాకా ఆగాను, అప్పటికీ బ్యాంకు రుసుములతో కలిపి 28 వేలు దాటింది. ఈసారి మా ఆయన, “ఇది కూడా అందరికీ ఉంటే?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇది బట్టీ పట్టి రాయలేరు కాబట్టి అందరికీ ఉండదన్నాను. ఆ ఫీజులోనే ఇంకో అవకాశం ఉంటుంది, మొదటిసారి పోతే మళ్లీ డబ్బు కట్టకుండా రాయవచ్చు. ఆ ఒక్క మాట ఇంట్లో అందరికీ ధైర్యమిచ్చింది. కొన్న ఏడాదిలోపు ఎప్పుడైనా రాయవచ్చు. అయితే సర్టిఫికెట్‌కు గడువు ఇప్పుడు రెండేళ్లే. 2024 ఏప్రిల్‌కు ముందు మూడేళ్లుండేది. పాత వీడియోల్లో ఇంకా మూడేళ్లనే చెబుతారు. సిలబస్ కూడా 2025 ఫిబ్రవరిలో మారింది. హెల్మ్, గేట్‌వే ఏపీఐ లాంటి కొత్త అంశాలు వచ్చి చేరాయి. కోర్సు కొనేముందు అది ఎప్పటిదో చూసుకోండి.

మార్కుల్లో 30 శాతం చెడిపోయినవి బాగుచేయడానికే. కాబట్టి రోజూ పాత ల్యాప్‌టాప్‌లో క్లస్టర్ కట్టడం, కావాలని పాడుచేయడం, గడియారం పెట్టుకుని బాగుచేయడం. ఫీజుతో పాటు కిల్లర్ డాట్ ఎస్‌హెచ్ అనే మాదిరి పరీక్ష రెండు విడతలు వస్తుంది, ఒక్కోటి 36 గంటలు తెరిచి ఉంటుంది. అది అసలు పరీక్షకంటే కష్టం. మొదటి విడతలో నాకు సగం కూడా రాలేదు, ఆ రాత్రి అన్నం సహించలేదు. అలా రావడం మామూలేనని ముందే తెలిసి ఉంటే తినేదాన్ని.

సీకేఏకు పరీక్షా కేంద్రం ఉండదు, ఇంటి నుంచే రాయాలి. గదిలో నిశ్శబ్దం కావాలి. విజయనగరంలో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? 2025లో వినాయక చవితి ఆగస్టు 27న. మా వీధి పందిరి మైకు సరిగ్గా మా కిటికీకి ఎదురుగా. నిమజ్జనాలు అయ్యేసరికి సెప్టెంబరు మొదటి వారం దాటింది. 22 నుంచి మళ్లీ శరన్నవరాత్రులు, ఆ వెనకే పైడితల్లి అమ్మవారి సిరిమాను. మధ్యలో మిగిలిన ఆ కాస్త సందులో సెప్టెంబరు 14, ఆదివారం, ఉదయం ఆరున్నరకు తేదీ తీసుకున్నాను. అప్పటికి కరెంటు పోదు, పోయినా ఇన్వర్టర్ మీద రౌటర్ నడుస్తుంది.

పరీక్ష పెట్టేవాళ్లు కెమెరాలోంచి గది మొత్తం చూస్తారు. మాట్లాడరు, చాట్‌లోనే రాస్తారు. ల్యాప్‌టాప్ ఎత్తి నాలుగు గోడలూ చూపించు, బల్ల కింద చూపించు, చెవులు చూపించు, మణికట్లు చూపించు. గోడ మీద అచ్చు కాగితాలు ఉండకూడదు. గోడకున్న తెలుగు క్యాలెండర్ తీసేయమన్నారు. అందులో కుబర్నెటీస్ జవాబులేవీ లేవు, వర్జ్యం, రాహుకాలం తప్ప. తీసి తలుపు బయట పెట్టాను. నీళ్లు తాగొచ్చు గానీ కాగితం చుట్టని పారదర్శకమైన సీసాలోనే. ముందు రాత్రే సీసా మీది కాగితం గోకి ఉంచాను. ఈ తనిఖీకే దాదాపు అరగంట పట్టింది. అది రెండు గంటల పరీక్షా సమయంలోంచి పోదు గానీ, గుండె దడ మాత్రం అప్పుడే మొదలవుతుంది. మావయ్య గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పాలవాడిని కూడా గంట కొట్టొద్దని సైగ చేశారట.

ప్రశ్నల గురించి చెప్పనని ఒప్పందం మీద సంతకం పెట్టాం కాబట్టి చెప్పను. టెర్మినల్ మాత్రం దూరంగా ఎక్కడో నడుస్తుంది, అక్షరం నొక్కాక కనిపించడానికి ఒక క్షణం ఆలస్యం. మనం రోజూ వాడే కాపీ, పేస్ట్ మీటలు టెర్మినల్‌లో పనిచేయవు, షిఫ్ట్ కూడా కలిపి నొక్కాలి. కుబర్నెటీస్ డాక్యుమెంట్లు తెరిచి చూసుకోవచ్చు, కానీ వెతుక్కుంటూ కూర్చుంటే టైము మిగలదు. ఏ పేజీలో ఏముందో ముందే చేతికి తెలిసి ఉండాలి. ఒక ప్రశ్న దగ్గర చాలాసేపు ఇరుక్కుని, వదిలేసి ముందుకు వెళ్లి, చివర్లో వచ్చి సగమే చేయగలిగాను. సగం చేసినదానికి కూడా కొంత మార్కు ఉంటుంది. ఫలితం 24 గంటల్లో అన్నారు, మర్నాడు పొద్దున్నే వచ్చింది. పాస్‌కు 66 కావాలి, నాకు 79. ఈసారి అత్తయ్య, “అప్పటికంటే ఒక మార్కు ఎక్కువ” అన్నారు.

అక్టోబరు మొదటి వారంలో ఒక బెంగళూరు క్లయింట్ ఇంటర్వ్యూ పెట్టారు, 7వ తేదీ మధ్యాహ్నం మూడింటికి. ఆ రోజు సిరిమాను. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా జనసముద్రం, ఫోను సిగ్నల్ కూడా దొరకదు, వీధిలో మాట వినపడదు. రిక్రూటర్‌కు ఎలా చెప్పాలో తెలియక ‘ఊళ్లో పెద్ద పండుగ, నెట్‌వర్క్ ఉండదు’ అని రాశాను. అవకాశం పోతుందేమో అన్న భయం లేకపోలేదు. వాళ్లు మారుమాట లేకుండా 9వ తేదీకి మార్చారు.

ఆ ఇంటర్వ్యూలో ఏడబ్ల్యూఎస్ మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు. తెర పంచుకోమని, తన క్లస్టర్‌లోకి రానిచ్చి, ఒక నోడ్ (క్లస్టర్‌లోని ఒక సర్వర్) పనిచేయడం లేదు, ఏం చేస్తారో చేయండి అన్నాడు ఆ ఇంజినీరు. అలాంటి నోడ్‌లను రెండు నెలలుగా రోజూ నేనే పాడుచేసి నేనే లేపుతున్నాను. మొదట నోడ్‌ను క్లస్టర్‌కు కలిపే కుబ్లెట్ సేవ, దాని లాగ్‌లు, డిస్కు నిండిందా, ప్రోగ్రాములను నడిపే కంటైనర్ రన్‌టైమ్ బతికే ఉందా అని వరుసగా చూస్తూ, చూస్తున్నది చెబుతూ పోయాను. పది నిమిషాల్లో దొరికింది. నా రెజ్యూమేలో సీకేఏ ఉన్న సంగతి అతనికి తెలుసో లేదో ఇప్పటికీ తెలియదు, అడగనూ లేదు.

వెండర్ మొదట 95 వేలన్నాడు. లక్షా ముప్పై అడిగాను, లక్షా ఇరవై దగ్గర తేలింది. ఆరు నెలల కాంట్రాక్టు, పూర్తిగా ఇంటి నుంచి. వినడానికి పెద్ద మొత్తమే గానీ ఇది జీతం కాదు, ఇన్వాయిస్. పీఎఫ్ లేదు, సెలవు పెడితే ఆ రోజు డబ్బు లేదు, టీడీఎస్ పది శాతం ముందే కోస్తారు. పాత కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఫిబ్రవరితోనే పోయింది కాబట్టి సొంతంగా కొన్నాను. సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ ఎత్తేశారు, ఆ మేరకు కలిసొచ్చింది. ఇవన్నీ తీసేస్తే పాత 85 వేలకంటే ఎక్కువే, కానీ అనుకున్నంత ఎక్కువ కాదు.

చేరే ముందు జరిగే పరిశీలనలో సర్టిఫికెట్ల పీడీఎఫ్ తీసుకోలేదు. ఎవరైనా తెరిచి సరిచూసుకోగల లింకులు అడిగారు. పాత వెండర్ ఇవ్వాల్సిన రిలీవింగ్ లెటర్ కోసం మాత్రం మూడు వారాలు వెంటపడ్డాను. పాత కాంట్రాక్టు ముగిసేటప్పుడే అది చేతిలో పెట్టుకుని కదలండి.

నవంబరు 3న పని మొదలైంది. నెల చివర ఇన్వాయిస్ పంపాను. కాంట్రాక్టులో ‘ఇన్వాయిస్ అందిన 45 రోజులకు’ అని ఉంది, నేను చదివే సంతకం పెట్టాను. నవంబరు పని డబ్బు లక్షా ఎనిమిది వేలు 2026 జనవరి మూడో వారంలో ఖాతాలో పడింది. ఫిబ్రవరి 28న ఒక కాంట్రాక్టు ముగిసిన దగ్గరి నుంచి తర్వాతి రూపాయి చేతికి రావడానికి దాదాపు పదకొండు నెలలు. పరీక్షల ఫీజులు, కోర్సులు, ప్రయాణాలు కలిపి నాకు 45 వేల దాకా అయ్యాయి. అందరూ అడిగేది ఆ లెక్కే. చేతిలో ఉంచుకోవాల్సింది మాత్రం ఆ పదకొండు నెలల ఇంటి ఖర్చు. టెర్రాఫామ్ రాయాలా వద్దా అన్నది ఏప్రిల్‌లో ఈ కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తేలాక చూస్తాను. నోటుపుస్తకంలో ప్రకటనలు రాయడం మాత్రం ఆపలేదు.